చెవితో చదివిన గ్రంథాలు: చిలకమర్తి జీవితంలో పఠనం, బహుమతి, సభ

1914 ఏప్రిల్ 10న బెజవాడలోని రామమోహన ధర్మపుస్తక భాండాగారంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఆ సభలోనే రూపుదిద్దుకుంది. ఒక భాషాప్రాంతంలోని గ్రంథాలయాలన్నీ కలిసి ఒక సంఘంగా ఏర్పడడం భారతదేశంలో అదే మొదలని గ్రంథాలయోద్యమ చరిత్రకారులు గుర్తించారు. దీని వెనుక ఉన్న కృషిలో అయ్యంకి వెంకటరమణయ్య, సూరి వేంకట నరసింహశాస్త్రి ముఖ్యులు. సభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. అప్పటికి ఆయన వయస్సు నలభై ఆరేళ్లు. బాల్యంలో రేచీకటిగా మొదలైన నేత్రవ్యాధి ముదిరి, అప్పటికే చూపు పూర్తిగా పోయింది.

పుస్తకాల సభకు అంధుడైన రచయిత అధ్యక్షుడు కావడాన్ని సాధారణంగా రెండు విధాలుగా చెబుతూ వచ్చారు. తేదీ, స్థలం, అధ్యక్షుని పేరు చెప్పి ముందుకు సాగిపోవడం మొదటిది. వైకల్యాన్ని జయించిన మహనీయుడని కీర్తించడం రెండవది. మొదటి పద్ధతి ప్రశ్నను దాటవేస్తుంది. రెండవది దాన్ని వ్యక్తి మనోబలానికి సంబంధించిన విషయంగా కుదించివేస్తుంది. చిలకమర్తి మనోబలాన్ని శంకించవలసిన పని లేదు. అయితే ఆయనను గ్రంథాలయ సభకు పిలిచినవారు ఒక మినహాయింపును పిలిచామని భావించినట్లు లేదు. పుస్తకంతో ఆయనకున్న సంబంధం ఆనాటి తెలుగుసమాజంలో అత్యధికుల సంబంధానికి భిన్నం కాదు. వారికి అక్షరం రాకపోవడం వల్ల, ఆయనకు అక్షరం కనబడకపోవడం వల్ల పుస్తకం చెవికి చేరేది. ఈ కోణం నుండి చూసినప్పుడు నవలల పోటీలు, నాటక ప్రదర్శనలు, బహిరంగ సభలు, గ్రంథాలయాలు అన్నీ చిలకమర్తి జీవితంలో ఒకే అంశానికి వేర్వేరు రూపాలుగా కనిపిస్తాయి. పుస్తకాన్ని ఎవరు చదువుతారు, ఎవరు వింటారు అన్నది ఆ అంశం.

‘చదువు’ అనే మాట

తెలుగులో చదవడం అంటే మొదటినుండి మౌనంగా చదవడం కాదు. పద్యం చదవడం అంటే గొంతెత్తి పద్యం చెప్పడమే. ఎదుట పుస్తకం ఉందా లేదా అన్నది ఆ మాటకు పట్టదు. పెండ్లిలో ఎవరు ఏ కానుక ఇచ్చారో పదిమంది వినేలా ప్రకటించడాన్ని నేటికీ ‘చదివింపులు’ అంటున్నాం. సంస్కృతంలో ‘పఠ’ ధాతువుకు కూడా ఉచ్చరించడమే ప్రధానార్థం. పురాణపఠనంలో చదివేవాడు ఒకడు, వినేవారు ఊరంతా. ఇక కావ్యం విషయంలో కృతిభర్త ‘విన్నవాడు’. కవి నిండు సభలో చదివి వినిపిస్తే రాజు విని సత్కరించాడు. ఆశ్వాసాంతంలో కృతిపతిని సంబోధించే పద్యాలకు ఈ శ్రవణసన్నివేశమే ఆధారం. ప్రాచీన సాహిత్యంలో పురస్కారం చెవిగుండా వచ్చిందనడం అలంకారం కాదు, వాస్తవం.

ముద్రణయంత్రం ఈ ఏర్పాటును ఒక్కసారిగా తుడిచిపెట్టలేదు. 1911 జనాభా లెక్కల నాటికి మద్రాసు రాజధానిలో అక్షరాస్యులు నూటికి పదిమందికంటె తక్కువ. స్త్రీలలో ఆ సంఖ్య మరీ స్వల్పం. ఇటువంటి సమాజంలో అచ్చుపడిన ప్రతి పుస్తకానికీ కొన్నవారికంటె, చదివినవారికంటె విన్నవారే ఎక్కువ. రచ్చబండ మీద వార్తాపత్రిక చదివే మనిషి చుట్టూ చేరిన జనం ఆ పత్రిక చందాదారుల పట్టికలో కనిపించరు. సాహిత్య చరిత్ర రచన పుస్తకాల ప్రతులను లెక్కించగలిగింది గాని శ్రోతలను లెక్కించలేకపోయింది. అందువల్ల మౌనపాఠకుడే ఆధునిక యుగానికి ప్రతినిధి అన్న భావన బలపడింది. చిలకమర్తి జీవితం ఆ భావనకు అడ్డు తగులుతుంది.

బహుమతి కోసం పుట్టిన ప్రక్రియ

తెలుగు నవల పుట్టుకలోనే బహుమతి ప్రకటన ఉంది. గవర్నరు జనరలు లార్డ్ మేయో దేశీయుల ఆచారవ్యవహారాలను వర్ణించే గ్రంథానికి బహుమతి ఇస్తామని చేసిన ప్రకటన నరహరి గోపాలకృష్ణమ సెట్టి 1872లో వెలువరించిన ‘శ్రీరంగరాజ చరిత్ర’కు ప్రేరణ అని చరిత్రకారులు చెబుతారు. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ ‘వివేకవర్ధని’లో వచ్చి 1880లో పుస్తకమైంది. ఆయన దానిని ‘వచనప్రబంధం’ అన్నారు. ‘నవల’ అన్న పేరును కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి వాడుకలోకి తెచ్చారు. పేరు స్థిరపడిన కొద్దికాలానికే పోటీ కూడా స్థిరపడింది.

రాజమహేంద్రవరంలో న్యాయపతి సుబ్బారావు 1891లో స్థాపించిన ‘చింతామణి’ పత్రికకు వీరేశలింగం సంపాదకులు. ఆ పత్రిక పక్షాన సుబ్బారావు ప్రకటించిన నవలల పోటీలు తెలుగు సాహిత్యంలో ఒక కొత్త సంబంధాన్ని ప్రవేశపెట్టాయి. ఖండవల్లి రామచంద్రుడు, తల్లాప్రగడ సూర్యనారాయణరావు వంటివారు ఈ పోటీల ద్వారానే నవలాకారులుగా పరిచయమయ్యారు. 1894లో చిలకమర్తి ‘రామచంద్ర విజయము’ బహుమతి పొందింది. ‘హేమలత’ (1896), ‘అహల్యాబాయి’ (1897) కూడా ఈ పోటీల వాతావరణంలోనే వెలువడ్డాయి.

ఈ పోటీలను రాజపోషణకు ప్రత్యామ్నాయంగా వర్ణించడం మన సాహిత్య చరిత్రల్లో పరిపాటి. రాజు స్థానంలో పత్రికాధిపతి, అగ్రహారం స్థానంలో నగదు వచ్చాయన్నది ఆ వాదం సారాంశం. అది నిజమే, కాని సగం నిజం. మారింది పోషకుడొక్కడే కాదు, ఇంద్రియం కూడా మారింది. సభలో కవి గొంతు, ముఖం, సమయస్ఫూర్తి అన్నీ కావ్యంతో కలిసి పరీక్షకు నిలిచేవి. పోటీలో కవి లేడు. ఆయన పంపిన కాగితాల కట్ట మాత్రమే ఉంది. వాటిని ఒకరు తన గదిలో కూర్చుని చదివి నిర్ణయం చేస్తారు. గ్రంథం గొంతును వదిలి కాగితానికి పరిమితమైన తొలి సాహిత్యవ్యవస్థ ఇదేనని చెప్పవచ్చు.

విచిత్రమేమిటంటే ఆ వ్యవస్థ తయారుచేసిన తొలి ప్రసిద్ధ నవలాకారుడు సరిగ్గా అదే కాలంలో కాగితానికి దూరమవుతున్నాడు. చిలకమర్తి 1867 సెప్టెంబరు 26న నేటి పశ్చిమగోదావరి ప్రాంతంలోని ఖండవల్లిలో జన్మించారు. వీరవాసరంలోను, నరసాపురంలోను చదువుకుని, ఆపైన రాజమహేంద్రవరాన్ని స్వస్థలం చేసుకున్నారు. రాత్రివేళ దీపం ముందు పుస్తకం పట్టి కూర్చోవడం విద్యార్థిదశలోనే ఆయనకు సాధ్యం కాలేదు. తోటి విద్యార్థులు చదువుతుంటే విని జ్ఞాపకం పెట్టుకోవడం ఆయన విద్యాభ్యాసంలో విడదీయరాని భాగమైంది. యౌవనం గడిచేకొద్దీ పగటి చూపు కూడా తగ్గింది. మొదట సహాయంగా ఉన్న శ్రవణం తరువాత ఏకైక మార్గమైంది. ఆయన చెప్పగా మరొకరు రాయడం, మరొకరు చదవగా ఆయన వినడం జీవితపర్యంతం సాగింది.

ఇక్కడ సాహిత్య చరిత్ర పెద్దగా పట్టించుకోని ఒక వర్గం ఉంది. గ్రంథకర్తకు చదివి పెట్టినవారు, ఆయన నోటినుండి వచ్చిన వాక్యాలను కాగితం మీద పెట్టినవారు. వారిలో బంధువులు, శిష్యులు, మిత్రులు, జీతం పుచ్చుకున్న రాయసగాండ్రు ఉండడం సహజం. పూర్వకవుల విషయంలో ఈ పనికి గౌరవం ఉండేది. వ్యాసుడికి గణపతి లేఖకుడన్న కథను అందరూ ఎరుగుదురు. తాళపత్ర ప్రతుల చివర లేఖకుడు తన పేరు, ఊరు, తిథి చెప్పుకుని దోషాలుంటే మన్నించమని కోరడం కూడా ఉంది. అచ్చుపుస్తకం ముఖపత్రం మీద ఆ గద్యకు చోటు లేదు. బహుమతి ఒక్క పేరు మీదనే వస్తుంది. చిలకమర్తి పేరుతో వెలువడిన వేలాది పుటలలో ఎంతమంది చేతివ్రాత ఉందో ఆ పుటలు చెప్పవు. గ్రంథకర్తృత్వాన్ని ఒక వ్యక్తి సొత్తుగా భావించే ఆధునిక పద్ధతికి పోటీలు, బహుమతులు ఇచ్చిన ఊతం తక్కువది కాదు. దాని మూల్యం చెల్లించినవారిలో ఈ లేఖకులు కూడా ఉన్నారు.

నాటకం, సభ

నవలాకారుడు కావడానికి ముందే చిలకమర్తి నాటకకర్త. ఇమ్మానేని హనుమంతరావునాయుడు రాజమహేంద్రవరంలో నడిపిన నాటక సమాజం కోసం ఆయన ‘కీచకవధ’ మొదలుగా నాటకాలు రాశారు. ఆ సమాజంలో వేషాలు వేసిన బాలురలో టంగుటూరి ప్రకాశం ఒకరు. ‘గయోపాఖ్యానము’ విశేషంగా ప్రచారం పొందింది. లక్షకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయని సాహిత్య చరిత్రలు చెప్పే ఆ నాటకం ఆనాటి అక్షరాస్యత పరిమితిలో ఒక ప్రశ్న రేపుతుంది. అన్ని ప్రతులు కొన్నదెవరు? వినోదానికి ఇంట్లో కూర్చుని చదువుకున్నవారు కొందరుంటారు. ఊరూరా వెలసిన ఔత్సాహిక నాటక సమాజాలవారు, పద్యాలు కంఠస్థం చేయగోరినవారు అంతకంటె ఎక్కువమంది ఉండాలి. ఒక్కొక్క ప్రతి వెనుక ఒక రాత్రంతా మేలుకున్న ప్రేక్షకసమూహం ఉంది. అక్షరం రానివారు కృష్ణార్జునుల సంవాదపద్యాలను తప్పుపోకుండా చదవగలగడం ఈ నాటకాల వల్లనే సాధ్యమైంది. ఇక్కడ ‘చదవడం’ అన్న మాట తన పాత అర్థంలోనే నిలిచి ఉంది.

చిలకమర్తి వచనాన్ని ఆయన అంధత్వంతో ముడిపెట్టి వివరించాలన్న ప్రలోభం బలమైనది. చెప్పి రాయించిన వచనం కాబట్టి అందులో సంభాషణ ఎక్కువ, వాక్యం చెవికి ఇంపుగా ఉంటుంది, కథకుడు శ్రోతలను ఎదుట కూర్చోబెట్టుకున్నట్లు మాట్లాడతాడు అని వాదించవచ్చు. ‘గణపతి’ నవలలో ఈ లక్షణాలు పుష్కలంగా ఉన్నాయి. చదువుసంధ్యలు లేని గణపతి పల్లెటూరిలో పంతులై కూర్చోవడం, ఆ బడి నిర్వాహకం, అతని రూపవర్ణన, తల్లితో వాదాలు ఇవన్నీ గట్టిగా చదివితేనే పూర్తిగా పండుతాయి. గ్రాంథికభాషలోనే రాసినా ఎక్కడ నవ్వాలో వాక్యపు తూగు చెబుతుంది. అయితే చూపు ఇంకా కొంత మిగిలి ఉన్నప్పుడు రాసిన నాటకాలలోను, ప్రహసనాలలోను ఇదే ధోరణి ఉంది. కాబట్టి కారణాన్ని కళ్లలో వెదకడంకంటె రంగస్థలంలో, పురాణకాలక్షేపంలో వెదకడం సమంజసం. అంధత్వం ఆయనకు కొత్త శైలిని ఇవ్వలేదు. తెలుగువచనం అప్పుడప్పుడే విడిచిపెడుతున్న ఒక అలవాటును ఆయన విడిచిపెట్టకుండా చేసింది.

ఈ సందర్భంలో ఆయనకు తగిలించిన ‘ఆంధ్ర మిల్టన్’, ‘ఆంధ్ర స్కాట్’ అన్న బిరుదుల సంగతి. మిల్టన్ తో పోలికకు కంటిచూపు తప్ప మరో ఆధారం లేదు. మతేతిహాసం చెప్పిన గంభీరకవికి, గణపతిని సృష్టించి పకోడీ మీద పద్యాలు అల్లిన హాస్యరచయితకు పొత్తు కుదరదు. స్కాట్ తో పోలికకు చారిత్రక నవలలు కొంత ఆధారమే. రాజపుత్ర చరిత్రల మీద చిలకమర్తికి ఉన్న మక్కువకు ‘హేమలత’తో పాటు, టాడ్ గ్రంథం ఆధారంగా కూర్చిన ‘రాజస్థాన కథావళి’ కూడా సాక్ష్యం. అయినా ఈ పోలికలు ఒక రచయితను గౌరవించే ఉద్దేశంతో ఆయనను అర్థం చేసుకునే పనిని వాయిదా వేశాయి. బిరుదు కూడా ఒక పురస్కారమే. అన్ని పురస్కారాల లాగానే అది కొంత చూపిస్తుంది, కొంత కప్పేస్తుంది.

సభలో చిలకమర్తి ప్రతిభకు ప్రసిద్ధమైన ఉదాహరణ 1907 ఏప్రిల్ నాటిది. వందేమాతరోద్యమ ప్రచారానికి రాజమహేంద్రవరం వచ్చిన బిపిన్ చంద్రపాల్ ఆంగ్లోపన్యాసాలను ఆయన తెలుగులో వినిపించారు. ఆ సందర్భంలోనే భారతదేశాన్ని పాడియావుగా, పాలకులను పాలు పిండుకునేవారిగా చిత్రించే పద్యాన్ని ఆశువుగా చెప్పారు. ఆ పద్యం అచ్చుకంటె ముందు నోళ్లలో వ్యాపించింది. పుట మీద కన్ను నిలిపి అనువదించే పండితునికి ఇది సాధ్యమయ్యే పని కాదు. పరభాషలోని దీర్ఘోపన్యాసాన్ని విని, క్రమం చెడకుండా జ్ఞాపకం ఉంచుకుని, వేలాదిమందికి తిరిగి చెప్పడానికి కావలసిన శిక్షణ ఆయనకు అప్పటికే ఇరవై ఏళ్లుగా ప్రతిరోజూ లభిస్తున్నది. పుస్తకం ముందు కూర్చుని వినడమే ఆ శిక్షణ.

పాల్ ఉపన్యాసాల వేడిలో రాజమహేంద్రవరం ట్రైనింగు కాలేజీ నుండి బహిష్కృతుడైన విద్యార్థి గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ‘విజ్ఞానచంద్రికా గ్రంథమాల’కు తొలిదశలో ‘అబ్రహాము లింకను చరిత్ర’ రాసింది, తరువాతి దశాబ్దాలలో ఆంధ్ర గ్రంథాలయ సంఘానికి చిరకాలం అధ్యక్షులుగా ఉండి వయోజనవిద్యను ఉద్యమంగా నడిపింది ఆయనే. 1907 నాటి సభనుండి గ్రంథాలయం వరకు సాగిన దారి ఒక్క చిలకమర్తిది మాత్రమే కాదని దీనివల్ల తెలుస్తుంది.

గ్రంథాలయం: చదివేవారు, వినేవారు

1914 నాటి సభకు వెనుక కనీసం పదిహేనేళ్ల చరిత్ర ఉంది. రాజమహేంద్రవరంలో వసురాయ గ్రంథాలయం 19వ శతాబ్ది చివరలోనే వెలసింది. అది రత్నకవి గ్రంథాలయంతో కలిసి 1920లో గౌతమీ గ్రంథాలయమైంది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడ్డాయి. కొమర్రాజు లక్ష్మణరావు నాయకత్వంలోని మండలి శాస్త్ర, చరిత్ర గ్రంథాల ప్రచురణతో పాటు నవలల పోటీలు కూడా నిర్వహించింది. చింతామణి వేసిన బాట ఇక్కడ ఒక మలుపు తిరిగింది. వ్యక్తి ఇచ్చే బహుమతి సంస్థ ఇచ్చే బహుమతి అయింది. బహుమతి పొందిన పుస్తకాలు ముందుగా చందాలు కట్టిన పాఠకులకు చేరాయి. పోటీ, ప్రచురణ, పాఠకుడు ఒకే గొలుసులో కూడుకున్నాయి.

ఆ గొలుసు తెగే చోటు అక్షరాస్యత. చందా కట్టగలిగినవారు, చదవగలిగినవారు పట్టణాలలోని ఉద్యోగులు, వకీళ్లు, విద్యార్థులు. అంతకు దాటి పుస్తకాన్ని తీసుకుపోవడమే గ్రంథాలయోద్యమం ఎత్తుకున్న పని. అయ్యంకివారి ఉత్సాహం ఈ పనికి ప్రాణం పోసింది. ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక, గ్రంథాలయ యాత్రలు, 1919 నవంబరు 14న మద్రాసులో ఏర్పాటైన అఖిల భారత సభ, ఏటేటా జరిగిన ఆంధ్రదేశ మహాసభలు దాని ఫలితాలు. ఈ మహాసభలకు ఉత్సవ స్వభావం ఉండేది. ఊరేగింపులు, హరికథలు, ఉపన్యాసాలు, పుస్తక ప్రదర్శనలు సాహిత్యాన్ని పండుగగా మార్చాయి. నేటి పుస్తక మహోత్సవాలకు పూర్వరూపం ఇక్కడే కనిపిస్తుంది. ఒక తేడా ఉంది. నేటి మహోత్సవంలో కేంద్రం పుస్తక విక్రయం, ఆనాటి సభలో కేంద్రం పుస్తకం లేనివాడు.

అక్షరం రానివారికి చదివి వినిపించడం గ్రంథాలయం బాధ్యతలలో ఒకటన్న అవగాహన ఈ ఉద్యమంలో మొదటినుండి ఉంది. సాయంకాలం పత్రిక చదివి చెప్పడం, పురాణం వినిపించడం, రాత్రిబడి నడపడం పల్లె గ్రంథాలయాల దినచర్యలో భాగమయ్యాయి. 1935లో పాతూరి నాగభూషణం కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువపై నడిపిన పడవ గ్రంథాలయం ఈ ఆలోచనకు పరాకాష్ఠ. గ్రంథాలయానికి జనం రాలేకపోతే గ్రంథాలయమే రేవుకు వచ్చి ఆగింది. పడవలో పోయేవారికి గంటల కొద్దీ తీరిక ఉంటుంది. ఒకరు చదివితే పదిమంది వింటారు.

ఈ వెలుగులో చూస్తే బెజవాడ సభకు చిలకమర్తి అధ్యక్షత వహించడం సానుభూతిపూర్వకమైన గౌరవం కాదు. అప్పటికాయన పేరొందిన నాటకకర్త, నవలాకారుడు, ‘మనోరమ’, ‘దేశమాత’ పత్రికలను నడిపిన సంపాదకుడు. వీటికి తోడు 1909లో రాజమహేంద్రవరంలో అస్పృశ్యులుగా చూడబడిన కులాల బాలుర కోసం పాఠశాల స్థాపించి నడుపుతున్నవాడు. చదువు ఎవరికి అందడం లేదన్న ప్రశ్నకు ఆయన దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి శరీరంనుండి వచ్చింది, మరొకటి సమాజంనుండి వచ్చింది. రెండూ సమానం కావు. చూపు లేని బ్రాహ్మణ విద్వాంసునికి చదివి పెట్టడానికి నలుగురు దొరికారు. బడి గడప తొక్కనివ్వని పిల్లవానికి ఒక్కరూ దొరకలేదు. గ్రంథాలయోద్యమ చరిత్రను ఉదాత్తంగా చెప్పే సందర్భాలలో ఈ వ్యత్యాసాన్ని మరువరాదు. పుస్తకాన్ని చదివి వినిపించడం ఎంత గొప్ప పనైనా, ఎవరిని పక్కన కూర్చోనిస్తారన్న ప్రశ్న దానికంటె ముందు వస్తుంది. చిలకమర్తి పాఠశాల పదేళ్లకు పైగా నడిచింది. ఆయన బహుమతుల ప్రస్తావన వచ్చినంత తరచుగా దాని ప్రస్తావన సాహిత్య చరిత్రలలో రాదు.

‘కళాప్రపూర్ణ’

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయం సాహిత్య పురస్కార రంగంలోకి వచ్చేసరికి పరిస్థితి మారింది. 1934లో విశ్వవిద్యాలయం నిర్వహించిన నవలల పోటీలో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకున్నాయి. చింతామణి పోటీకి, దీనికి మధ్య నలభై ఏళ్లు. తీర్పు చెప్పే అధికారం పత్రికాధిపతి నుండి విద్యాసంస్థకు మారింది. ‘వేయిపడగలు’ కూడా రచయిత ఆశువుగా చెబుతుండగా తమ్ముడు వెంకటేశ్వర్లు రాసిన గ్రంథమని ప్రసిద్ధి. చూపున్న రచయిత కూడా తన నవలను నోటితోనే రచించాడు. పోటీ కాగితాన్ని కోరింది, రచన గొంతునుండి వచ్చింది. 1894లో ఉన్న వైరుధ్యమే 1934లోనూ కొనసాగింది.

1943లో ఆంధ్ర విశ్వవిద్యాలయం చిలకమర్తికి ‘కళాప్రపూర్ణ’ గౌరవమిచ్చింది. ఆయనకు అప్పుడు డెబ్బై అయిదు దాటాయి. అంతకు అయిదేళ్ల ముందు ఇదే గౌరవం గిడుగు వెంకట రామమూర్తికి దక్కింది. మన్యంలో సవరభాష నేర్చుకునే రోజుల్లో జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల గిడుగువారి వినికిడి దెబ్బతిన్నది. మాట్లాడే భాష కోసం జీవితాంతం పోరాడినవారికి చెవి సహకరించలేదు, గ్రాంథికంలో గ్రంథాలు నింపినవారికి కన్ను సహకరించలేదు. దీనిని ప్రతీకగా మార్చి సిద్ధాంతం లాగడం సరికాదు గాని, తెలుగు ఆధునికతను నిర్మించిన తరం ఏయే లోపాలతో ఆ పని చేసిందో గుర్తు చేయడానికి ఈ ప్రస్తావన పనికివస్తుంది.

ఆ కాలంలోనే చిలకమర్తి ‘స్వీయచరిత్రము’ వెలువడింది. చూపు పోయిన వ్యక్తి డెబ్బై దాటిన వయసులో చెప్పి రాయించిన ఈ గ్రంథం తెలుగు ఆత్మకథలలో విశిష్టమైనది. గోదావరి తీరంలో 19వ శతాబ్ది చివరి దశాబ్దాల విద్యావ్యవస్థ, నాటక సమాజాలు, పత్రికలు, వ్యక్తులు, వివాదాలు ఇందులో విపులంగా ఉన్నాయి. పాత కాగితాలు తిరగేసి సరిచూసుకునే వీలు గ్రంథకర్తకు లేదు. కాబట్టి తేదీలను ఇతర ఆధారాలతో పోల్చి చూడకుండా స్వీకరించడం పరిశోధకునికి తగదు. అయినా ఒక సంభాషణ ఏ ధోరణిలో సాగిందో, ఒక మనిషి ఎలా మాట్లాడేవాడో చెప్పేచోట ఈ గ్రంథానికి సాటిరాగల ఆధారాలు తక్కువ. వీరేశలింగం స్వీయచరిత్ర పత్రాలు ముందు పెట్టుకుని తన పక్షాన్ని నిరూపిస్తున్నట్లు నడుస్తుంది. చిలకమర్తిది విన్నవాటిని నెమరువేసుకుంటున్నట్లు నడుస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే కంటి జ్ఞాపకానికి, చెవి జ్ఞాపకానికి మధ్య ఉన్న భేదం బోధపడుతుంది.

చిలకమర్తి 1946 జూన్ 17న మరణించారు. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ కేంద్రం నుండి పలుమార్లు ప్రసారమైన ‘గణపతి’ నాటకం తెలుగు రేడియో చరిత్రలో అత్యంత జనాదరణ పొందినవాటిలో ఒకటి. నండూరి సుబ్బారావు గొంతులోనే గణపతిని ఎరిగినవారు, నవల ఎన్నడూ చేతపట్టనివారు, ఆంధ్రదేశంలో కొన్ని తరాలపాటు ఉన్నారు. గ్రంథాలయాల ఎరువు పుస్తకాల పట్టీలలో వారి పేర్లు ఉండవు.